తరుగు: గంజాం తీరపు ఎండుచేపల బేరంలో మన మాటలు

బ్యాంకులో చేరిన కొత్తలో, అంటే 1980ల మొదట్లో, గంజాం జిల్లా సముద్రపొడ్డున ఒక చిన్న బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేశాను. అవి ఐఆర్‌డిపి రోజులు. పేదవాళ్ళకి సబ్సిడీతో అప్పులిచ్చి, ఆ డబ్బుతో నిజంగా సరుకు కొన్నారో లేదో వెళ్ళి చూసి రావడం నా పని. మన జాలర్ల ఊళ్ళో ఒకావిడకి ఎండుచేపల వ్యాపారానికి అప్పు ఇచ్చాం. మొదటి విడత డబ్బుతో వంద కిలోల పచ్చి నెత్తళ్ళు కొన్నట్టు చీటీ ఉంది. వారం పోయాక వెళ్ళి ఎండిన సరుకు కాటా వేయించాను. ఇరవై ఏడు కిలోలు తూగింది.

"మిగతాది ఏదమ్మా?" అన్నాను.

"తరుగు బాబూ" అంది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా తాతగారిది బరంపురంలో బియ్యం కొట్టు. తరుగు అనే మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. రైతు ధాన్యం తెస్తే తేమ ఉందనో, మట్టి ఉందనో, తాలు ఉందనో బస్తాకి కిలో, రెండు కిలోలు తరుగు కింద కోసి, మిగిలినదానికే డబ్బు లెక్కగట్టేవారు. అందులో కొంత న్యాయం, కొంత చేతివాటం. అందుకే ఆవిడ నోట తరుగు అని వినగానే నా బుర్రలో కొట్టు తరుగే మెదిలింది. నూటికి ఒకటి రెండంటే సరే, నూటికి డెబ్బై మూడు తరుగేమిటి అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "ఏటి బాబూ, నీరు కూడా నెక్కెట్టుకుంతావా? సూరీడు తాగేసినాడు గదేటి" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చింది. రిపోర్టులో "షార్టేజ్ 73 కిలోలు" అని రాసి సంతకం పెట్టాను. రెండో విడత ఆగిపోయింది. ఆవిడ సావుకారి దగ్గర బయానా తీసుకుంది. బయానా తీసుకున్నాక సరుకు ఇంకెవరికీ అమ్మడానికి లేదు. ఆ ఏడాదంతా అతను చెప్పిన ధరకే ఎండుచేప అతనికే పోసింది.

నేను బీకాం చదివినవాణ్ణి. ప్రాసెస్ కాస్టింగ్‌లో "నార్మల్ లాస్" అని ఒక పాఠం ఉంటుంది. తయారీలో సహజంగా ఆవిరైపోయేదాన్ని నష్టంగా రాయకూడదు, మిగిలిన సరుకు ఖరీదులోనే కలపాలి అని. ఆ లెక్కలు చేసి మంచి మార్కులతో పాసయ్యాను. అదే విషయాన్ని ఒక జాలరి ఆడమనిషి మూడక్షరాల తెలుగు మాటలో చెబితే నాకు అర్థం కాలేదు. మాట కొత్తదయితే అడిగి తెలుసుకునేవాణ్ణేమో. తెలిసిన మాటే కావడం వల్ల మోసపోయాను.

అప్పటి నుంచి ఎండుచేపల బేరంలో వినిపించే మాటల మీద చెవి పెట్టడం అలవాటయింది. ముప్పై అయిదేళ్ళకు పైగా ఉద్యోగంలో ఎక్కడికి బదిలీ అయినా సంతకి వెళ్ళి ఆ వరసలో కాసేపు నిలబడేవాణ్ణి. ఆ పోగుచేసుకున్నదే ఇది.

ఈ తీరంలో మనం

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోది. ఆ రోజు ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయినప్పుడు బరంపురం, ఛత్రపురం, గోపాలపురం అటు వెళ్ళాయి. టెక్కలి, శ్రీకాకుళం వైపు ఇటు ఉండిపోయి, విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. కాగితం మీద గీత పడింది గానీ సముద్రం మీద గీత ఎవరు గీస్తారు? వాడబలిజలు, జాలర్లు చేప ఎటు పోతే అటు తెప్ప వేసుకుంటూ వెళ్ళినవాళ్ళు. భీమిలి, కళింగపట్నం, బారువ తీరాల నుంచి గోపాలపురం, అక్కడి నుంచి పూరీ దాకా వాళ్ళ ఊళ్ళు పరుచుకున్నాయి. పూరీలో మన జాలర్ల పెద్ద పేట పేరు పెంటకోట. పాయకరావుపేట దగ్గర సముద్రపొడ్డున ఉన్న పెంటకోట తెలిసినవాళ్ళకి ఆ పేరు వినగానే ఊరు గుర్తొస్తుంది. ఒడియావాళ్ళు వీళ్ళని నోలియాలు అంటారు. పూరీ ఒడ్డున మునిగిపోయే యాత్రికులని పట్టి లాగేది ఈ నోలియాలే.

గోపాలపురం ఒకప్పుడు రంగూన్ ఓడలు ఆగే రేవు. మన కూలీలు వేలకొద్దీ ఆ దారిన బర్మా వెళ్ళారు. బర్మాలో తెలుగువాళ్ళకి "కొరంగీ" అన్న పేరు పడింది యానాం పక్కనున్న కోరంగి రేవు వల్లనే. ఓడ ప్రయాణానికి మూటలో కట్టుకోవడానికి చెడిపోని తిండి కావాలి. బియ్యం, చింతపండు, ఎండుమిరప, ఎండుచేప. మా ఇంట్లో పెద్దవాళ్ళు రంగూన్ కబుర్లు చెప్పినప్పుడల్లా ఈ నాలుగూ వరసగా వచ్చేవి.

మగవాళ్ళు సముద్రం మీద, ఆడవాళ్ళు ఒడ్డు మీద. పట్టడం వాళ్ళ పని, ఎండబెట్టడం, అమ్మడం వీళ్ళ పని. అందుకని వలల మాటలు, గాలుల మాటలు, తెప్పల మాటలు మగవాళ్ళవి. ఎండుచేపల మాటలు మాత్రం పూర్తిగా ఆడవాళ్ళవి. వలలూ పడవల పేర్లు ఎంతోమంది సేకరించారు. ఒడ్డున చేపలు తిరగేసే ఆడవాళ్ళ మాటలు అడిగినవాళ్ళు తక్కువ.

ఎండు, ఉప్పు, వట్టి

ముందు అసలు పేరే చూద్దాం. మనం ఎండుచేప అంటాం, ఉప్పుచేప అంటాం. పట్నంలో రెండూ ఒకటే అనుకుంటారు. తీరంలో కాదు. ఎండుచేప అంటే ఉప్పు లేకుండా, వట్టి ఎండకి ఇసుక మీద ఆరబోసింది. నెత్తళ్ళు, కవళ్ళు, సావళ్ళు, చిన్న రొయ్యలు ఇలా ఎండుతాయి. ఉప్పుచేప అంటే పెద్ద చేప. వీపు చీల్చి, కడుపు తీసి, ఉప్పు పట్టించి, తొట్టిలో పేర్చి, ఊట దిగాక తీసి ఎండబెట్టేది. సొర, వంజరం, మాగ లాంటివి. మొదటిదానికి ఎండ చాలు. రెండోదానికి పెట్టుబడి కావాలి, ఉప్పు కావాలి, తొట్టి కావాలి. అప్పు అడగడానికి వచ్చినావిడ "ఎండు" అంటోందా "ఉప్పు" అంటోందా అన్నది వింటే ఆవిడ ఆర్థిక పరిస్థితి సగం తెలిసిపోయేది.

తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు "వట్టి చాపలు" అంటారు. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. వట్టి అంటే ఖాళీ అని ఇప్పుడు అనుకుంటాం గానీ, అసలు అర్థం ఎండిపోవడమే. పాలు ఆగిపోతే ఆవు వట్టిపోయింది అంటాం కదా, అదే వట్టు. తమిళంలో నీళ్ళు ఇంకిపోవడాన్ని వట్రు అంటారు, ఎండబెట్టిన వడియాలూ వరుగులూ వత్తల్. కన్నడంలో చెరువు బత్తింది అంటే ఎండిందని. మూడూ ఒక్క వేరే. హైదరాబాదులో "వట్టి చాపలు" అన్నావిణ్ణి చూసి నవ్వినవాళ్ళని చూశాను. ఆవిడ నోట్లో పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది.

ఇక మన చుట్టుపక్కల. ఒడియాలో శుఖుఆ. బరంపురంలో మా ఇంట్లో జాలరి ఆమె గంప దింపితే ఎండుచేప, బజారు కొట్టులో కొంటే సుకువా. సరుకు ఒకటే, అమ్మినవాళ్ళని బట్టి పేరు మారేది. నాతో పనిచేసిన షోలాపూర్ పద్మశాలి మిత్రుడొకడు టిఫిను డబ్బా తెరిచి "సుకట్ తెచ్చాను" అనేవాడు. వాళ్ళ పెద్దలు కరీంనగర్ నుంచి మగ్గం పనికి వెళ్ళినవాళ్ళు. ఇంట్లో అంతా తెలుగే, కానీ ఎండురొయ్యలకి మరాఠీ సుకట్, ఎండిన సావడికి వాక్టి, ఇంకొకటి బోంబిల్. సముద్రం లేని ఊళ్ళో పుట్టిపెరిగిన కులం కదా, ఈ చేపలు ముంబై వైపు వెళ్ళాకే వాళ్ళ కంచంలోకి వచ్చాయి, పేర్లతో సహా వచ్చాయి. శుఖుఆ, సుకట్ రెండూ సంస్కృతం శుష్క నుంచి దిగినవే. అంటే తూర్పు తీరపు తెలుగువాళ్ళూ, పడమటి మగ్గాల తెలుగువాళ్ళూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే తాత మనవల్ని ఇంటికి తెచ్చుకున్నారు.

దక్షిణానికి వెళ్తే వేరే సంగతి. చెన్నైలోని మనవాళ్ళు కరువాడు అంటారు, అచ్చంగా తమిళం. బళ్ళారి, కోలారు వైపు బజారులో ఒణ మీను. ఈ ఒణ, మలయాళంలోని ఉణక్క ఒక్క కుటుంబం. ఎండుచేపకి మీ ఇంట్లో ఏమంటారో చెబితే మీ పెద్దలు ఏ సంతలో కొన్నారో చెప్పవచ్చు. ఇంట్లో వండుకునే కూర పేరు తల్లి భాషలో ఉంటుంది, డబ్బిచ్చి కొనే సరుకు పేరు సంత భాషలో ఉంటుంది. బయటి రాష్ట్రాల్లో ఉన్న మనందరికీ ఇది వర్తిస్తుంది.

వాసన పేరు కూడా చెప్పుకోవాలి. తీరంలో నీసు అంటారు, నీచు అని రాస్తారు. లోపలి జిల్లాల్లో కవుసు, కౌసు. తమిళంలో కవిచ్చి, కన్నడంలోనూ కౌసు. కవుసు అనేది పొరుగువాళ్ళతో కలిసి పంచుకున్న పాత మాట, అందులో వాసన తప్ప మరేమీ లేదు. నీచు అనేటప్పటికి వాసనతో పాటు ఒక తీర్పు కూడా వచ్చేసింది. బరంపురంలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు "నీసు తింటారా?" అన్న ప్రశ్న ఎదుర్కొన్నవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

ఉప్పు కథ

ఎండు వేరు, ఉప్పు వేరు అని ఇంత పట్టుగా చెప్పుకోవడానికి వెనక ఒక చరిత్ర ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1805లో కంపెనీవాళ్ళు ఉప్పు మీద గుత్తాధికారం పెట్టారు. మన గంజాం తీరంలో హుమ్మా, కొంచెం దిగువన నౌపడ, రెండూ ఉప్పు కొఠార్లకి పేరున్న చోట్లు. కళ్ళ ముందు ఉప్పు తెల్లగా మెరుస్తూ ఉంటుంది, ముట్టుకుంటే నేరం. పన్ను కట్టి కొన్న ఉప్పు చేపకి పట్టిస్తే చేప ఖరీదు కంటే ఉప్పు ఖరీదు ఎక్కువ. జనం ఏం చేస్తారు? ఉప్పు మన్ను తెచ్చి రుద్దేవారు, లేదా ఉప్పు లేకుండానే ఆరబెట్టేవారు, సగం కుళ్ళితే కుళ్ళింది.

చేపల మీద పెద్ద పుస్తకాలు రాసిన ఫ్రాన్సిస్ డే 1873లో సర్కారుకిచ్చిన నివేదికలో ఉప్పు పన్ను చేపలు ఊరబెట్టే పనిని దెబ్బతీస్తోందని చూపించాడు. ఆ శతాబ్దం చివరి పాతికేళ్ళలో తీరం వెంబడి సర్కారు యార్డులు వెలిశాయి. చేప అక్కడికే తీసుకెళ్ళి, అక్కడే పన్ను లేని ఉప్పు పట్టించి, అక్కడే ఎండబెట్టాలి. ఉప్పు బయటికి తీసుకుపోకూడదు. ఆ కాపలా ఉప్పు శాఖవాళ్ళది. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసు మత్స్యశాఖ మొదలయ్యాక ఈ యార్డుల మీద చాలా రాతకోతలు నడిచాయి. ఉప్పు పన్ను పూర్తిగా పోయింది 1947లో.

నాకు పని నేర్పిన ముసలమ్మలు యార్డుని "యారడు" అనేవారు. యార్డులు మూతపడ్డాక కూడా ఉప్పు పట్టించిన సరుకుని "యారడు సరుకు" అని మెచ్చుకోవడం నేను విన్నాను. సర్కారు కాపలా పోయింది, యార్డు గోడలు పోయాయి, మాట మాత్రం నాణ్యతకి ముద్రలా మిగిలింది. బ్యాంకు భాషలో చెప్పాలంటే గుడ్‌విల్.

చేపల పేర్లు

చేపల పేర్ల దగ్గర మన తీరానికి ఒక ఘనత ఉంది. అది మన పిల్లలకి కచ్చితంగా చెప్పాలి.

ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి, జాలర్లు పట్టి తెచ్చిన రెండు వందల చేపల బొమ్మలు వేయించి, వర్ణనలు రాశాడు. పుస్తకం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, ఆ జాలర్లు ఏ పేరు చెబితే ఆ పేరు రాసుకున్నాడు. అందులో ఒకటి మనం కానాగంత, కానగడత అని పిలిచే చేప. ఒడ్డున ఎవరో తెలుగు జాలరి పలికింది ఆయన చెవికి కానాగుర్తా అని వినిపించింది. తరవాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే అదే పేరు శాస్త్రంలోకి ఎక్కించాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఈ చేప గురించి రాసినా రాస్ట్రెలిజెర్ కానాగుర్తా అనే రాయాలి. మంగళూరులో అది బంగుడె, ముంబైలో బాంగ్‌డా, తమిళంలో కాణాంగెళుత్తి. శాస్త్రం పుస్తకంలో మాత్రం విశాఖ జాలరి మాట.

పక్కన పెట్టి చూస్తే తమిళ తీరపు పేర్లూ మన పేర్లూ అన్నదమ్ముల్లా ఉంటాయి. మన నెత్తళ్ళు వాళ్ళ నెత్తిలి. మన కవళ్ళు వాళ్ళ కవలై. మన సావళ్ళు వాళ్ళ సావాళై. మన సొర వాళ్ళ సుఱా. వంజరం రెండు చోట్లా వంజరమే, విశాఖ వైపు మాత్రం కోనెం అని కూడా అంటారు. చేప తీరం వెంట తిరుగుతుంది, పట్టేవాడు వెంట తిరుగుతాడు, పేరు వాడి వెంట తిరుగుతుంది. రైలు రాక ముందే తీరానికి తనదంటూ ఒక భాష ఉండేదని ఈ పేర్లు చూస్తే తెలుస్తుంది. ఒడ్డు దిగి లోపలికి పది మైళ్ళు వెళ్తే ఆ చుట్టరికం తెగిపోతుంది.

కళ్ళం నుంచి వచ్చిన మాటలు

పేర్లు సముద్రానివి. కానీ పని మాటలు ఎక్కడివి? ఇక్కడే నేను చాలా ఏళ్ళు తప్పుగా ఆలోచించాను. జాలర్ల మాటలన్నీ సముద్రపు మాటలే అయి ఉంటాయనుకున్నాను. వింటూ పోతే తెలిసింది, ఎండుచేపల పని మాటలు చాలావరకు వరి కళ్ళం నుంచి, పప్పు చేట నుంచి వచ్చినవి.

రొయ్యలే తీసుకోండి. యానాం, కాకినాడ వైపు గోదావరి పాయల్లో దొరికే చిన్న రొయ్యలని ఉడకబెట్టి, ఎండబెట్టి, గోనెలో పోసి కర్రతో బాదుతారు. తరవాత చేటలో పోసి చెరుగుతారు. పెంకు ఎగిరిపోతుంది, లోపలి కండ మిగులుతుంది. ఆ కండని రొయ్యపప్పు అంటారు. పప్పు! కంది గింజ విసిరి పొట్టు తీస్తే కందిపప్పు, రొయ్య బాది పెంకు తీస్తే రొయ్యపప్పు. ఇక పెంకు తీయడానికి కూడా లేనంత సన్నవి రొయ్యపొట్టు. ఆరబోయడం, తిరగేయడం, చెరగడం, పొట్టు, పప్పు, తాలు, ఇందులో సముద్రపు మాట ఒక్కటీ లేదు.

కొలతలూ అంతే. పెద్ద చేప లెక్కపెట్టి అమ్ముతారు, ఎండు నెత్తళ్ళు తూచి అమ్ముతారు, రొయ్యపొట్టు మాత్రం గింజల్లా కొలిచి అమ్మేవారు. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. తూకమైతే వీసె, మణుగు. ఎనిమిది వీసెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, 1957లో నయాపైసలు వచ్చాయి, కిలోలు నెమ్మదిగా దిగాయి. అయినా 80ల్లో నేను చూసిన సంతల్లో సోల ఇంకా గంపలోనే ఉండేది. ఒడియా కొనుగోలుదారుకి కిలో లెక్క, కొండల మీది నుంచి దిగిన సవరవాళ్ళకి సోల లెక్క, మనవాళ్ళకి పోగు మీద కొసరు. ఒకే గంప ముందు మూడు లెక్కలు. చదువు లేని మనిషి మూడింటినీ ఎక్కడా తప్పకుండా నడిపేది.

ఎండిందీ లేనిదీ చూడటానికి తేమ మీటరేమీ లేదు, చెవే మీటరు. నెత్తళ్ళు గుప్పిట్లో పట్టి ఆడిస్తే గలగలమనాలి. మోత రాకపోతే మెత్త. మెత్త సరుకు ముసురు పట్టిందంటే బూజు పడుతుంది. ఉప్పుచేపకి తేమ తగిలితే ఎర్రబారుతుంది. బేరానికి వచ్చినవాడికి మచ్చు తీసి చూపించేటప్పుడు గోనె పైనుంచి తీస్తే నమ్మడు, అడుగునుంచి తీయమంటాడు. బియ్యం కొట్టులో బస్తాకి బొరిగె పొడిచి మచ్చు తీయడం చూసినవాణ్ణి కనుక ఈ మాట వినగానే నాకు తాతగారి కొట్టు కళ్ళకి కట్టింది.

ఎందుకిలా జరిగింది? నాకు తోచింది ఇది. పట్టిన చేప పట్టినవాళ్ళ భాషలో ఉంటుంది. ఎండిన చేప లోపలికి పోవాలి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ సంతల దాకా పోవాలి. అక్కడ పక్క గంపలో ధాన్యం, కందులు, చింతపండు ఉంటాయి. ఒకప్పుడు డబ్బు కంటే ధాన్యానికే ఎండుచేప మార్చుకునేవారు. ధాన్యంతో సమానంగా నిలబడాలంటే ధాన్యం మాటలే మాట్లాడాలి. ఎండటంతో చేప చేప కాకుండా పోయి, నిల్వ ఉండే గింజ లాంటిదయింది. ఆ ఆడవాళ్ళు దాన్ని గింజగానే చూశారు, గింజ మాటలే వాడారు.

తరుగు కూడా అలా కళ్ళం నుంచి ఒడ్డుకి వచ్చిన మాటే. కాకపోతే ఒడ్డుకి వచ్చాక దాని అర్థం మారింది. కళ్ళంలో తరుగు కొనేవాడి మాట, వాడు కోసుకునేది. ఒడ్డున తరుగు ఎండబెట్టే ఆమె మాట, ఆవిడ ముందే లెక్కలో వేసుకునేది. నాలుగు గంపల పచ్చికి ఒక గంప ఎండు అని ఆవిడకి తెలుసు. ఆ లెక్కతోనే పాటలో ధర పాడుతుంది, ఆ లెక్కతోనే అప్పు అడుగుతుంది. తీరా అమ్మేటప్పుడు సావుకారు "ఇంకా ఆరుతుంది" అని మళ్ళీ తరుగు కోస్తాడు. అది పాత కళ్ళం తరుగు. అంటే సూర్యుడి తరుగు ఒకటి, సావుకారి తరుగు ఒకటి. మొదటిది న్యాయం, రెండోది బేరం. నేను వెళ్ళి మూడోది కోశాను.

ఇప్పుడు

రిటైరయ్యాక, ఒక చలికాలం, ఆ ఊరు వెళ్ళాను. 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గరే తీరం దాటిన ఫైలిన్ తుపాను తరవాత ఊరి రూపు మారిపోయింది. పక్కా ఇళ్ళు వచ్చాయి, చేపలు ఆరబోసే ఇసుక జాగా తగ్గింది. ఋషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు నుంచి మే దాకా వేట నిషేధం. చేప బాగా ఎండే పొడి కాలం కూడా అదే. ఆ పైన ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరమంతా నిషేధం. చిన్న చేపని ఇప్పుడు కోళ్ళ దాణాకి, చేపల మేతకి మిల్లులవాళ్ళు ఒడ్డునే ఎత్తుకుపోతున్నారు. దాణాకి వెళ్ళే చేపకి గలగల అక్కర్లేదు, మచ్చు అక్కర్లేదు, రకరకాల పేర్లు కూడా అక్కర్లేదు. మంచి సరుకు లారీ ఎక్కి అస్సాంలోని జాగీరోడ్ మార్కెట్ దాకా పోతోంది. అక్కడి బేరం ఫోన్లో, హిందీలో.

నేను అడిగినావిడ లేదు, పోయి చాలా ఏళ్ళయిందన్నారు. మనవరాలు ఉంది. ఒడియా మీడియంలో పదో తరగతి దాకా చదువుకుంది, మహిళా సంఘంలో లెక్కలు రాస్తుంది. నాతో తెలుగులోనే మాట్లాడింది, వాళ్ళ నాయనమ్మ యాసే. పుస్తకం చూపించింది. అంకెలు చక్కగా రాసింది. పచ్చి సరుకు ఇంత, ఎండు సరుకు ఇంత, మధ్యలో ఒక గడి. ఆ గడి మీద ఒడియా లిపిలో ఒక మాట రాసి ఉంది. చదవమన్నాను.

"షార్టేజ్" అంది.

"తరుగు అనరా అమ్మా?" అన్నాను.

"మా నానమ్మ అనీది బాబూ. బ్యాంకోళ్ళకి అర్థం అవ్వదు గదా, అందుకని ఇలాగ రాస్తన్నాం" అంది.

ఏం చెప్పను. నేను రాసిన మాటే. నేనొక్కడినే రాశానని కాదు, నాలాంటివాళ్ళందరం కలిసి రాసి రాసి వాళ్ళ పుస్తకంలోకి ఎక్కించాం. షార్టేజ్ అంటే ఉండాల్సింది లేకపోవడం, ఎవరో జవాబు చెప్పాల్సింది. తరుగు అంటే పోవాల్సింది పోవడం, ఎవరూ జవాబు చెప్పక్కర్లేనిది. ఒక్క మాట మారితే కష్టపడినావిడ దోషి అయిపోతుంది.

మాటలు పోతున్నాయని మనం బాధపడతాం. పాట పోయింది, సామెత పోయింది అంటాం. నాకు తెలిసినంతలో ముందు పోయేవి లెక్కల మాటలు. కొత్త ఫారం వచ్చినప్పుడల్లా నాలుగు మాటలు పోతాయి. మీ ఇంట్లో ఎండబెట్టడం, కొలవడం, తూచడం, అప్పివ్వడం చేసిన పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఎవరైనా ఉంటే వాళ్ళ మాటలు రాసి పెట్టండి. అర్థం నిఘంటువులో చూసి రాయకండి. ఆ మాట ఎవరు ఎవరితో అంటారు, అన్నాక ఎవరి డబ్బు తగ్గుతుంది, అది రాయండి.

ఆ పాత రిపోర్టు ఏ గోడౌనులో చెద పట్టిందో, ఇప్పుడు దిద్దే వీలు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. పచ్చి నెత్తళ్ళు వంద కిలోలు. ఎండు సరుకు ఇరవై ఏడు కిలోలు. తరుగు డెబ్బై మూడు కిలోలు. లెక్క సరిపోయింది.